కోట్ కుదిస్తే గొడవ, కుదించకపోతే గొడవ: కొత్త మోడరేటర్‌కి నా జవాబు

> ఒక సభ్యుడు ప్రతిసారీ పై పోస్టు మొత్తం కోట్ చేసి కింద "అవును" అని పెడుతున్నాడు. నేను ఆ కోట్ కుదిస్తే "నా పోస్టు ముట్టుకునే హక్కు మీకెవరిచ్చారు" అని థ్రెడ్‌లోనే గొడవ. ఇంకొకాయన ఎదుటివాళ్ల మాటల్లో సగం ముక్క కోట్ చేసి తగువు పెడుతున్నాడు. మోడరేటర్‌గా రెండు వారాలే అయింది, వదిలేద్దామనిపిస్తోంది.

మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది గానీ నా జవాబుకి పనికొచ్చే నాలుగు వాక్యాలే పైన ఉంచాను. మిగతాది చదవలేదని కాదు, వేలితో కాస్త పైకి జరిపితే అందరికీ కనిపిస్తుంది కదా అని. నా దృష్టిలో కోట్ చేయడమంటే, అంటే ఎదుటివాళ్ల మాటల్ని మన జవాబులో పెట్టుకోవడమంటే, అంతే. ఎవరి ఏ మాటకి జవాబిస్తున్నానో చదివేవాళ్లకి తెలియాలి. అంతకు మించితే విసుగు, అంతకు తగ్గితే తగాదా.

పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఒక మెయిలింగ్ లిస్టు, తర్వాత రెండు ఫోరాలు. తిట్లు తిన్నాను, ఒకసారి నేనే నోరు జారి తర్వాత సారీ చెప్పుకున్నాను. అందుకని మొహమాటం లేకుండా చెప్తున్నాను, మీరు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. మొదటాయనది అలవాటు. రెండో ఆయనది తప్పు. మీరు మొదటాయన పోస్టులోకి వెళ్లి కోట్ కుదించారే, ఏమీ అనుకోకండి, అది మీ పొరపాటు. మూడింటికీ మందు వేరు.

ముందు అలవాటు సంగతి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆయన మీద మీ కోపం సగం తగ్గుతుంది. డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో అనుకుని 1980లో మొదలుపెట్టిన యూజ్‌నెట్ అనే చర్చల నెట్‌వర్క్‌లో ఒక సందేశం ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫోన్ లైన్ల మీద మెల్లగా పాకుతూ వెళ్లేది. కొన్నిచోట్లకి చేరేసరికి రోజులు పట్టేది. జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత రావడం మామూలే, అసలు ప్రశ్న రానే రాకపోవడం కూడా మామూలే. అలాంటప్పుడు దేనికి జవాబు చెబుతున్నారో ఆ ముక్క జవాబులోనే పెట్టకపోతే చదివేవాళ్లకి తలా తోకా తెలియదు. అందుకే వరస మొదట్లో > గుర్తు పెట్టి పాత మాటలు, దాని కింద కొత్త మాటలు రాసేవాళ్లు. కోట్‌లో కోట్ ఉంటే గుర్తు రెండుసార్లు, ఇలాగ:

>> ఫోన్ రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టొచ్చా?
> పెట్టొచ్చు, వేడెక్కకుండా చూసుకోండి.
వేడెక్కుతుంటే కవర్ తీసి చూడండి.

గుర్తులు లెక్కపెడితే చాలు, ఏది ఎవరి మాటో తెలిసిపోతుంది. ఇంత శుభ్రమైన పద్ధతి తర్వాత మళ్లీ రాలేదని నా పాతకాలపు అభిప్రాయం.

కానీ అప్పట్లోనూ ఇదే గోల. వంద వరసలు కోట్ చేసి కింద ఒక్క వరస రాసేవాళ్లు ఎక్కువైపోయి, కొత్త మాటల కంటే కోట్ చేసినవి ఎక్కువుంటే సందేశాన్నే వెనక్కి తిప్పికొట్టేలా కొన్ని చోట్ల సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టారు. జనం ఊరుకుంటారా? కింద ఉత్తి చెత్త వరసలు నింపి లెక్క సరిచేసేవాళ్లు, లేదా > బదులు ఇంకో గుర్తు వాడి సాఫ్ట్‌వేర్ కళ్లుగప్పేవాళ్లు. కోట్ మీద గట్టి రూల్ పెడదామని మీకు ఎప్పుడైనా చెయ్యి దురద పెడితే ఇది గుర్తు తెచ్చుకోండి. 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 పేరుతో నెట్ మర్యాదల పత్రం ఒకటి వచ్చింది. అందులో ఉన్నది కూడా రూల్ కాదు, సలహా. జవాబిచ్చేటప్పుడు పాత సందేశం సారాంశం పైన చెప్పండి, లేదా సందర్భం తెలియడానికి సరిపడా మాత్రమే ఉంచండి అని. ఇప్పటికీ అంతకంటే చెప్పగలిగింది పెద్దగా లేదు.

తర్వాత ఆఫీసు మెయిళ్లు వచ్చాయి. రిప్లై నొక్కగానే కర్సర్ పైన, పాత మెయిల్ మొత్తం కింద. ఆఫీసులో అది సబబే, ఎందుకంటే పదో మెయిల్ దగ్గర కొత్తగా ఒకర్ని కలిపితే ఆయనకి మొదటి తొమ్మిదీ కావాలి కదా. ఏళ్ల తరబడి అలా రాసిన మనిషి ఫోరంకి వచ్చి కోట్ బటన్ నొక్కితే పోస్టు మొత్తం వచ్చి కూర్చుంటుంది, ఆయనకి అదే మర్యాద అనిపిస్తుంది. ఆయన బద్ధకస్తుడు కాదు, వేరే చోటి అలవాటుతో మీ దగ్గరికి వచ్చాడు, అంతే. ఫోరంలో పోస్టులన్నీ వరసగా పైనే ఉంటాయి కాబట్టి ఇక్కడ మొత్తం కోట్ అక్కర్లేదన్న సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు.

అక్కర్లేదని ఎందుకు అంత గట్టిగా అంటున్నానంటే, మా ఫోరంలో చూపు లేని సభ్యుడొకరు ఉండేవారు, స్క్రీన్ రీడర్‌తో పోస్టులు చదివించుకుని వినేవారు. ఒకసారి నాకు మెసేజ్ పెట్టారు: "ఈ థ్రెడ్‌లో మొదటి పోస్టు తొమ్మిదిసార్లు విన్నానండీ, ఇక నాకు కంఠతా వచ్చేసింది." నవ్వుతూనే రాశారు, నాకు మాత్రం సిగ్గేసింది. మనం కంటితో దాటేసేది ఆయన చెవితో దాటలేరు. చిన్న ఫోన్‌లో చదివేవాళ్లదీ కాస్త తక్కువగా అదే కష్టం. ఎనిమిది ఫొటోల పోస్టు మొత్తం కోట్ చేసి కింద "సూపర్" అని పెట్టేవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

దీనికి మందు ఎక్కువగా సెట్టింగుల్లోనే ఉంది. 2013లో వచ్చిన డిస్కోర్స్ లాంటి ఫోరం సాఫ్ట్‌వేర్లలో వాక్యాన్ని సెలెక్ట్ చేస్తే అక్కడే కోట్ బటన్ వస్తుంది, సరిగ్గా పై పోస్టునే మొత్తంగా కోట్ చేస్తే దాన్ని తనంతట తానే తీసేసే సెట్టింగ్ కూడా ఉంది. పీహెచ్‌పీబీబీ అనే ఇంకో ఫోరం సాఫ్ట్‌వేర్‌లో కోట్‌లో కోట్ ఎన్ని మెట్ల వరకు ఉండొచ్చో అడ్మిన్ పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ చేయగలిగిన పని మనిషి చేత చేయిస్తే మనిషికి చెడ్డపేరు వస్తుంది. అడ్మిన్‌తో మాట్లాడి ముందు అది చూడండి. అప్పటికీ మానకపోతే ఒక్క ప్రైవేట్ మెసేజ్ చాలు. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మీరు కోట్ నొక్కినప్పుడు పోస్టు మొత్తం వస్తోంది. కావలసిన వాక్యం మీద వేలు కాసేపు ఉంచి సెలెక్ట్ చేసి అప్పుడు కోట్ నొక్కితే అదొక్కటే వస్తుంది. ఫోన్‌లో చదివేవాళ్లకి, విని చదివేవాళ్లకి తేలికవుతుంది. ఇది రూల్ కాదు, చిన్న విన్నపం."

ఇందులో "సభ్యులు నియమ నిబంధనలు తప్పనిసరిగా పాటించగలరు" లాంటి వాక్యం లేదు, గమనించారా? ఆ "పాటించగలరు" చదవగానే మనిషికి గోడ మీద నోటీసు గుర్తొస్తుంది, వెంటనే దాన్ని ఎలా తప్పించుకోవాలా అని చూస్తాడు. మీరు మాట్లాడినట్టు రాయండి.

ఇక రెండో ఆయన. ఇక్కడే అసలు కథ ఉంది. నేను చూసిన పెద్ద గొడవల్లో చాలావాటి వేరు ఒక తెగిన కోట్ దగ్గరే దొరికింది. ఫోన్ ఉదాహరణే తీసుకుందాం. అసలు పోస్టు ఇదనుకోండి:

"రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసినా ఇప్పటి ఫోన్లకి పెద్దగా ప్రమాదం లేదు, కాకపోతే దిండు కింద మాత్రం పెట్టకూడదు, బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అసలు ఛార్జింగే పెట్టొద్దు."

దానికి వచ్చిన జవాబు:

> రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసినా ఇప్పటి ఫోన్లకి పెద్దగా ప్రమాదం లేదు
ఇలాంటి సలహాలు విని ఎవరిదైనా ఇల్లు తగలబడితే ఆర్పడానికి మీరొస్తారా?

కోట్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. "నేనేం మార్చాను, ఆయన రాసిందే పెట్టానుగా" అని ఆయన ప్రమాణం చేసి చెప్పగలడు. కానీ రాసినాయన అన్నది అది కాదు. ఆయన మండిపడి వస్తాడు, పోస్టు మొత్తం మళ్లీ అతికిస్తాడు, మూడో మనిషి ఒక పక్షం చేరతాడు, సాయంత్రానికి పేజీలకి పేజీలు నిండుతాయి, ఫోన్ ఛార్జింగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మొదట అడిగిన మనిషి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

తెలుగులో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువని నా నమ్మకం. మన వాక్యంలో తీర్పు చివర ఉంటుంది. లేదు, కాదు, వద్దు, అనను, ఇవన్నీ తోకలోనే వస్తాయి. "ఆయన చెప్పింది పూర్తిగా తప్పు అని నేను అనడం లేదు" అనే వాక్యంలో చివరి నాలుగు మాటలు కోసేస్తే మిగిలేది "ఆయన చెప్పింది పూర్తిగా తప్పు". సగం కోట్ అనుకుంటాం గానీ ఇక్కడది తలకిందులైన కోట్. అందుకే ఇలాంటి కోట్ మీద ఫ్లాగ్, అంటే సభ్యుల ఫిర్యాదు, వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే: అసలు పోస్టులో కోత పడిన చోటు తర్వాతి మాట ఏమిటి? అది "కానీ", "కాకపోతే", "అయితే", "తప్ప", "అని" వీటిలో ఏదో ఒకటైతే ఇక ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మధ్యలో మూడు చుక్కలు పెట్టాం కదా అన్నా నేను ఒప్పుకోను. చుక్కలు ఇక్కడ ఏదో వదిలేశాం అని చెబుతాయి, వదిలేసింది ముఖ్యమైనదో కాదో చెప్పవు.

అంతకంటే సన్నది ఇంకోటుంది. కోట్ పెట్టె కట్టకుండా, కొటేషన్ గుర్తులు లేకుండా "అన్నారు" అని రాయడం. "మీరు లెక్క సరిపోలేదు అన్నారు" అంటే ఆయన మాట. "మీరు మమ్మల్ని దొంగలన్నారు" అంటే ఈయనకి అర్థమైంది. రెండింటికీ చివర అదే "అన్నారు", చదివేవాడికి తేడా తెలియదు. పోయి చూస్తే ఆయన దొంగ అనే మాటే వాడి ఉండడు. మా దగ్గర సభ్యులకి చెప్పేది ఇదీ: గుర్తుల మధ్య గానీ పెట్టెలో గానీ పెడితే అక్షరం అక్షరం ఆయనదే కావాలి, అచ్చుతప్పుతో సహా. మీకు అర్థమైంది రాయాలంటే "నాకు అర్థమైనంత వరకు" అని మొదలుపెట్టండి, అప్పుడు తప్పైతే ఆయన సరిచేస్తాడు, తగువుకి రాడు. అలాగే వినికిడి మాటల చివర వచ్చే ఆ చిన్న "ట" జాగ్రత్త. ఎవరో "ఫోరం మూసేస్తున్నారట" అని రాస్తారు, కోట్ చేసే ఆయన "ఫోరం మూసేస్తున్నారు అని ఫలానా ఆయన చెప్పాడు" అని రాస్తాడు. ఒక్క అక్షరం రాలిపోయి పుకారు కాస్తా వార్త అయి కూర్చుంటుంది. ఇలా రాలిన ఒక "ట" వల్ల ఒక ఆదివారం మొత్తం సభ్యులకి సర్దిచెబుతూ కూర్చున్నాను.

పెట్టెలో పేరు పెట్టి సొంత కవిత్వం రాసేవాళ్లు కూడా ఉంటారు, వెటకారానికి. ఎదుటాయన పేరు మీద కోట్ పెట్టె కట్టి లోపల "నాకు అన్నీ తెలుసు, మీరంతా వెర్రివాళ్లు" అని రాసి, కింద "ఆయన మాటల సారాంశం ఇదే కదా" అంటారు. ఆ రోజు చదివినవాళ్లకి అది జోకే. ఆరు నెలల తర్వాత సెర్చ్‌లో దొరికి చదివేవాళ్లకి మాత్రం అది ఆ మనిషి మాటే. నేను ఇది అస్సలు ఒప్పుకోను, చూసిన వెంటనే దాచేస్తాను.

మరి ఆ రెండో ఆయన్ని ఏం చేయాలి? ముందు ఉద్దేశం జోలికి వెళ్లకండి. ఫోన్‌లో సెలెక్ట్ చేసేటప్పుడు వేలు జారి వాక్యం సగంలో ఆగిపోవడం నిజంగానే జరుగుతుంది, నాకే జరిగింది. మీరు తీర్పు చెప్పాల్సింది కోట్ గురించి, మనిషి గురించి కాదు. థ్రెడ్‌లో రెండు వరసలు చాలు: "పై కోట్‌లో వాక్యం మధ్యలో తెగింది. పూర్తి వాక్యం ఇదిగో" అని లింకు. కావాలని, వక్రీకరించి, దురుద్దేశంతో, ఇలాంటి మాటలేవీ వద్దు. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది, ఎందుకంటే గొడవకి ఇంధనం ఆ తెగిన ముక్కే. అదే మనిషి మళ్లీ మళ్లీ చేస్తే అప్పుడు ప్రైవేట్‌గా, మూడు లింకులు పక్కపక్కన పెట్టి, ప్రతిదాని కింద అసలు వాక్యం పెట్టి చూపించండి. "మీరు ఎప్పుడూ ఇంతే" అంటే అది మీ కోపం. మూడు లింకులు చూపిస్తే దాన్ని కాదనడం ఆయనకి కష్టం. ఆ తర్వాత కూడా ఆగకపోతే కొన్నాళ్లు రాయకుండా ఆపండి, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు మీ పొరపాటు గురించి. బాధపడకండి, నేను ఇంతకంటే ఘోరం చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక సభ్యుడి పోస్టులో కోట్‌లో కోట్‌లో కోట్ ఉంటే, ఫోన్‌లోనే కూర్చుని తీసేద్దామనుకున్నాను. పెట్టె మొదలయ్యే ట్యాగ్ ఒకటి, మూసే ట్యాగ్ ఒకటి ఉంటాయి కదా, మూసేవాటిలో ఒకటి ఎక్కువ చెరిపేశాను. దాంతో కింద ఆయన సొంతంగా రాసిన రెండు పేరాలూ వెళ్లి ఎదుటాయన పేరున్న పెట్టెలో పడ్డాయి. ఎవరితో వాదిస్తున్నాడో ఆ మనిషి నోట్లోంచే ఈయన వాదన వస్తోంది! ఇద్దరూ రెండు గంటలసేపు ఒకరి మీద ఒకరు అరుచుకున్నాక ఆయన నెమ్మదిగా రాశాడు, "నా పోస్టు నేను రాసినట్టు లేదు" అని. కింద నా పేరుతో "ఎడిట్ చేయబడింది" అని ఉంది. ఆ రోజు నా ముఖం చూడాల్సింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదీ. ఇంకొకరి పోస్టులో ఒక్క అక్షరం ముట్టుకోను. పోస్టులో ఏదైనా బాగోకపోతే పోస్టు మొత్తం దాచి, కారణం రాసి, ఆయనకే తిరిగి పంపిస్తాను, సరిచేసి పెట్టమని. రెండు సందర్భాలు మినహాయింపు: ఎవరి ఫోన్ నంబరో అడ్రసో ఉంటే ఆగకుండా తీసేస్తాను, రాసినాయన "ట్యాగ్ విరిగింది, సరిచేయండి" అని అడిగితే చేస్తాను. రెండు సార్లూ పోస్టు కిందే ఏం మార్చానో ఎందుకు మార్చానో ఒక వరస రాస్తాను. చెప్పకుండా చేసిన మార్పు ఎంత మంచిదైనా సరే, అది బయటపడిన రోజు నుంచి ఆ ఫోరంలో ప్రతి పోస్టు మీదా అనుమానమే. "నా పోస్టు ముట్టుకునే హక్కు" అని మీ సభ్యుడు అడిగిన ప్రశ్నలో పొగరు ఉండొచ్చు గానీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

ఒక పాత ముచ్చట. 2000ల మొదట్లో ఇంగ్లీషు చర్చల్లో కొందరు మోడరేటర్లు తిట్లున్న పోస్టుల్ని డిలీట్ చేయకుండా అచ్చులన్నీ తీసేసి హల్లులు మాత్రమే ఉంచేవాళ్లు. చదవాలంటే కష్టపడాలి, కానీ తీసేశారన్న నింద ఉండదు. మన లిపిలో అది చేస్తే గుణింతాలు పోయి అన్నీ తలకట్లే మిగులుతాయి. చిన్నపిల్లలు తిట్టినట్టు ఉంటుంది గానీ అర్థం మాత్రం బాగానే అవుతుంది. కాబట్టి మనకది పనికిరాదు.

డిలీట్ అంటే గుర్తొచ్చింది, మోడరేటర్‌గా నేను నేర్చుకున్న చేదు పాఠం కోట్ గురించే. ఒక కోపిష్టి మనిషి ఇంకో సభ్యురాలి ఫోన్ నంబరు థ్రెడ్‌లో పెట్టేశాడు. పావుగంటలో పోస్టు తీసేశాను, ఆయన్ని బ్యాన్ చేశాను, పని అయిపోయిందనుకుని పడుకున్నాను. పొద్దున ఆవిడ నుంచి మెసేజ్: రాత్రంతా ఎవరెవరో ఫోన్లు చేస్తూనే ఉన్నారని. చూస్తే ఆ పోస్టుని ఇద్దరు మంచివాళ్లు కోట్ చేసి ఉన్నారు, "ఇలా ఒకరి నంబరు పెట్టడం సిగ్గుచేటు" అని తిట్టడానికి. నేను తీసింది అసలుది, నకళ్లు రెండూ అక్కడే ఉన్నాయి. ఆ థ్రెడ్‌ని ఫాలో అయ్యేవాళ్లకి మెయిల్‌లో కూడా వెళ్లిపోయింది, అదైతే వెనక్కి తీసుకోలేం. అప్పటి నుంచి ఏదైనా పోస్టు తీసేస్తే అందులోంచి ఒక అరుదైన మాట పట్టుకుని సెర్చ్ చేసి కోట్లన్నీ వెతికి తీసేస్తాను. మీరూ ఆ అలవాటు చేసుకోండి. సభ్యులకి చెప్పాల్సింది చిన్నదే: తిట్టుని, బెదిరింపుని, ఒకరి సొంత వివరాల్ని కోట్ చేయకండి, ఫ్లాగ్ చేయండి. "రేపు మార్చేస్తాడేమో, సాక్ష్యం ఉండాలిగా" అంటారు కొందరు. ఆ భయం నిజమే, ఎడిట్ చేసి నేనెప్పుడన్నాను అనేవాళ్లు ఉన్నారు. కానీ ఇప్పటి ఫోరం సాఫ్ట్‌వేర్ చాలావాటిలో డిలీట్ చేసిన పోస్టులు, పాత వెర్షన్లు మోడరేటర్‌కి కనిపిస్తాయి, మీ దాంట్లో కనిపిస్తాయో లేదో ముందే చూసి పెట్టుకోండి. వాదనలో చెప్పిన మాటనైతే నిక్షేపంగా కోట్ చేసుకోవచ్చు, ఆ ఒక్క వాక్యం వరకు.

ముక్కముక్కకీ జవాబిచ్చే పద్ధతి గురించి మీరు అడగలేదు గానీ త్వరలోనే మీకు తగులుతుంది. సాంకేతిక ప్రశ్నలకి అది బంగారం, నాలుగు ప్రశ్నలు అడిగితే ఒక్కోదాని కింద ఒక్కో జవాబు. తగాదాలో మాత్రం విషం. ఈయన మూడు విషయాలు రాస్తే ఆయన మూడిటినీ కోసి ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు, ఈయన మళ్లీ ఆ ఆరింటినీ కోసి... నాలుగో విడతకి ఏ ముక్క ఎక్కడిదో వాళ్లకే తెలియదు, వాక్యం వాక్యంతో కొట్టుకుంటుంది, మొత్తంగా ఎవరేమంటున్నారో ఎవరూ చూడరు. అలాంటప్పుడు నేను ఇద్దరికీ ఒకటే పంపిస్తాను: "కోట్ లేకుండా, ఎదుటాయన వాదన ఏమిటో మీ మాటల్లో ఒక పేరా రాయండి, తర్వాత మీ జవాబు." స్లో మోడ్, అంటే ఒక పోస్టు పెట్టాక ఇంకోటి పెట్టడానికి కాసేపు ఆగేలా చేసే సెట్టింగ్, ఉంటే ఆన్ చేస్తాను. ఒకసారి ఒకాయన అలా రాస్తే రెండో ఆయన "అవును, నేనన్నది ఇదే" అని పెట్టాడు, అక్కడితో థ్రెడ్ చల్లబడింది. ఇంకోసారి మాత్రం ఒకాయన "ఇదేమైనా స్కూలా" అని ఫోరం వదిలి వెళ్లిపోయాడు. ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను.

మిగతావి గబగబా. స్క్రీన్‌షాట్ కోట్ కాదు, అందులో లింకు ఉండదు, సెర్చ్‌కి దొరకదు, నేను పైన చెప్పిన సభ్యుడికి వినపడదు. తప్పనిసరైతే కింద టైప్ చేయమనండి. ప్రైవేట్ మెసేజ్‌లోది రాసినవాళ్ల అనుమతి లేకుండా బయట కోట్ చేయకూడదు, మోడరేటర్‌గా నేను పంపిన హెచ్చరికని కోట్ చేస్తే మాత్రం నేను అడ్డు చెప్పను, నలుగురిలో చెప్పలేని మాట నేను ప్రైవేట్‌లో ఎందుకు రాస్తాను. ఏఐ ఇచ్చిన జవాబు అతికిస్తే అది ఏఐదని పైనే రాయాలి. బయటి వ్యాసాలు మొత్తం ఎత్తి పెట్టేవాళ్లకి "ఇన్ని పదాల వరకు పర్లేదట కదా" అని ఒక నమ్మకం ఉంటుంది. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం 10వ అధికరణంలో అలాంటి అంకె ఏదీ లేదు. కోట్ చేసిన ప్రయోజనానికి తగినంతే ఉండాలని, మూలం పేరూ అందులో రచయిత పేరుంటే అదీ చెప్పాలని ఉంది. రెండు మూడు వాక్యాలు, లింకు, మీరేమంటారో మీ మాట, ఇదీ నేను సభ్యులకి చెప్పే కొలత.

మీరు వాదిస్తున్న థ్రెడ్‌లో మీరే మోడరేట్ చేయకండి. ఎంత న్యాయంగా చేసినా ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ వాళ్లకి లేదు. ఇంకో మోడరేటర్‌ని పిలవండి. 2018లో శాంటా క్లారా సూత్రాలని కొన్ని రాశారు, పోస్టులు తీసేసే పెద్ద పెద్ద సోషల్ మీడియా కంపెనీల కోసం. ఎన్ని తీసేశారో లెక్క చెప్పాలి, తీసేస్తే ఆ మనిషికి తెలియజేయాలి, ఇంకొకరి చేత మళ్లీ చూపించుకునే దారి ఉండాలి అని మూడు ముక్కలు. లెక్కల సంగతి అటుంచితే మిగతా రెండూ ముప్పైమంది ఉన్న ఫోరానికీ వర్తిస్తాయి. ఏ పోస్టు, ఏ కారణం, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి, ఈ మూడూ లేని డిలీట్ మెసేజ్ నేను పంపను.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. మీరు కుదించిన పోస్టు పాత వెర్షన్ ఎడిట్ హిస్టరీలో ఉంటే ఇవాళే తిరిగి పెట్టేయండి. థ్రెడ్‌లో "నిన్న ఈ పోస్టులో కోట్ నేను కుదించాను, చెప్పకుండా చేయడం నా పొరపాటు, పాతది తిరిగి పెట్టాను" అని ఒక్క వరస రాయండి. సంజాయిషీలు, ఎందుకంటేలు వద్దు. దాని కింద ఎవరైనా వెటకారం చేస్తే జవాబివ్వకండి, ఒక రోజులో అదే కిందికి పోతుంది. రెండు రోజులు ఆగి పైన నేను రాసిన ప్రైవేట్ మెసేజ్ మీ మాటల్లో పంపండి. వెంటనే పంపితే సారీ చెప్పి మళ్లీ పాఠం మొదలుపెట్టినట్టు ఉంటుంది. రెండో ఆయన కోట్లు ఒక మూడు, అసలు వాక్యాలతో సహా ఈ లోపు పక్కన పెట్టుకోండి, ఇప్పుడే పంపొద్దు, నాలుగోది వస్తే అప్పుడు.

వదిలేయడం గురించి ఇంకో నెల తర్వాత ఆలోచిద్దాం. మీ ఫోరం ఏ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందో రాయలేదు, అది చెబితే కోట్ సెట్టింగులు ఎక్కడుంటాయో నాకు తెలిసినంత వరకు చెప్తాను. జవాబిచ్చేటప్పుడు ఇదంతా కోట్ చేయకండి మరి.